ఆరు మాటలు, ఒక అధ్యాహారం

కాకినాడలో ఒంటరిగా ఉండే మా పెద్దమ్మకు, న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య మెడలో వేసుకునే అలారం బటన్ ఒకటి ఏర్పాటు చేశాడు. నొక్కితే హాల్లో పెట్టిన చిన్న పెట్టెలోంచి కాల్ సెంటర్ మనిషి పలుకుతాడు. దానితోపాటు వచ్చిన కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఈ శీర్షిక ఉంది: వృద్ధుల వైద్య హెచ్చరిక వ్యవస్థలో స్పందన వేగం. ఇంగ్లీషులోంచి మాటకు మాట దించారని చూడగానే తెలుస్తుంది. అయినా ప్రాణంతో ముడిపడిన విషయం కాబట్టి, పద్యానికి చెప్పుకున్నట్టే దీనికీ ప్రతిపదార్థం చెప్పుకోవాలి. ఆరు మాటలున్నాయి. ఉండాల్సిన ఏడో మాట లేదు. దాని సంగతి చివర చూద్దాం.

వృద్ధుల: చట్టం లెక్కలో 60 ఏళ్లు నిండినవారు. తల్లిదండ్రుల పోషణ గురించి 2007లో వచ్చిన చట్టం గీసిన గీత అది. మన పనికి ఆ గీత చాలదు. ఇక్కడ వృద్ధులు అంటే నేల మీద పడితే ఇంకొకరి చెయ్యి లేకుండా లేవలేనివారు అని చెప్పుకోవాలి. 82 ఏళ్లకు పీట మీంచి చేయి ఆనించకుండా లేచేవారున్నారు. మోకాళ్లు అరిగి 64కే మంచం కోడు పట్టుకుంటే తప్ప లేవలేనివారూ ఉన్నారు. బటన్ ముందు కావలసింది ఈ రెండోవారికి.

వైద్య: అనగా వైద్యం అవసరమైందన్న కబురుకు సంబంధించినది. వైద్యం చేసేది అని కాదు. బటన్ నాడి చూడదు. అవతల పలికేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన ఆపరేటరు. ఇంతకంటే ఈ మాటలో ఏమీ లేదు.

హెచ్చరిక: ఇక్కడ కాస్త ఆగాలి. తెలుగులో హెచ్చరిక అనేది జరగబోయేదాని గురించి. "మెట్టుంది, చూసుకో" అంటే అది హెచ్చరిక. మెట్టు మీంచి పడ్డాక పెట్టేది కేక. ఈ బటన్ పని కేక పెట్టడమే. అలారం అన్న మాట కూడా ఇటాలియన్‌లో "ఆయుధాలు పట్టండి" అనే పిలుపు నుంచి పుట్టింది. అంటే శత్రువు వచ్చేశాక వేసే కేక. 1970ల మొదట్లో విల్‌హెల్మ్ హోర్మన్ ఇలాంటి ఏర్పాటును రూపొందించిన జర్మనీలో దాన్ని హౌస్‌నోట్‌రూఫ్ అంటారు. అనగా ఇంటి ఆపద పిలుపు. అన్ని పేర్లలోకీ ఇదే సరైనదని నా అభిప్రాయం. పేరు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, హెచ్చరిక అన్నప్పుడు బటన్ ఉంటే పడరేమో అన్న భ్రమ ఇంట్లో చేరుతుంది. పడకుండా చూసేవి వేరు: గోడకు పట్టుకునే కడ్డీ, జారని నేల, రాత్రిపూట వెలిగే చిన్న దీపం. నిజానికి హెచ్చరిక అన్న పేరు వాటికే తగును.

వ్యవస్థలో: వ్యవస్థ అంటే పరికరం కాదు, గొలుసు. బటన్, అది పిలిచే పెట్టె, పెట్టెలోని సిమ్, కాల్ సెంటర్, వాళ్లు ఫోన్ చేసే పొరుగింటివారు, 108 బండి, చివరికి ఇంటి తలుపు. బోస్టన్‌లో ఆండ్రూ డిబ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో లైఫ్‌లైన్ అనే సంస్థను పెట్టాడు. అమెరికాలో ఈ సేవలకు నాంది అది. ఆ పేరులోనే పొడవైన తాడు అన్న భావం ఉంది, తాడు బలం దాని బలహీనమైన పురిలో తెలుస్తుంది. మన ఇళ్లలో ఆ పురి ఏదంటే లోపలి గడియ. బ్రిటన్‌లో బటన్ ఉన్న ఇళ్ల గుమ్మం పక్కన అంకెల తాళమున్న చిన్న పెట్టె బిగించి, అందులో తాళంచెవి పెడతారు. అంకెలు కాల్ సెంటర్‌కు తెలుసు. మనం రాత్రి పైగడియ, కిందగడియ, అడ్డగడియ వేసి పడుకుంటాం. బండి పది నిమిషాల్లో వచ్చినా, గడియ విరగ్గొట్టడానికి ఇంకో పావుగంట.

ఇక్కడే ఇంకో చిక్కు తీర్చాలి. 108 అంటే అంబులెన్సు, హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. 14567 అంటే ఎల్డర్‌లైన్, పింఛను సంగతులు, న్యాయ సలహా చెప్పి, ఆదరణ లేని పెద్దల గోడు వినే నంబరు. రెండూ ఫ్రిజ్ మీద పక్కపక్కనే అంటించి ఉంటాయి. కింద పడ్డ మనిషికి కావలసింది మొదటిది.

స్పందన: సంస్కృతంలో ఈ మాటకు అర్థం సన్నటి అదురు, కొద్దిపాటి కదలిక. గుండె స్పందిస్తుంది, ఆకు స్పందిస్తుంది. ఇవాళ మనం ప్రతిస్పందన అన్న అర్థంలో, అనగా ఒకదానికి బదులుగా జరిగే పని అన్న అర్థంలో వాడుతున్నాం. పేచీ అంతా ఆ పని ఏది అన్నదాంట్లో ఉంది. ఎందుకంటే మనిషి పడ్డప్పటినుంచి సాయం అందేదాకా గడిచేది ఒక కాలం కాదు, వరుసగా కొన్ని కాలాలు. పడడం నుంచి నొక్కడం దాకా ఒకటి. నొక్కడం నుంచి అవతల గొంతు వినిపించేదాకా రెండోది. గొంతు వినిపించడం నుంచి సంగతి గ్రహించి ఎవరినో ఒకరిని పంపేదాకా మూడోది. పంపడం నుంచి గుమ్మం దాకా నాలుగు, గుమ్మం నుంచి మనిషి పక్కకు చేరేదాకా అయిదు. ఆసుపత్రి లెక్క ఆ తర్వాత.

కరపత్రంలో "కొన్ని సెకన్లలో స్పందన" అని ఉంటే అది రెండోదాని గురించే. అబద్ధం కాదు, అయిదింట్లో ఒకటి. బ్రిటన్‌లో ఈ సేవల ప్రమాణం ప్రకారం నూటికి 97.5 కాల్స్‌ను 60 సెకన్లలోపు ఎత్తాలి. అదే ఇంగ్లండ్‌లో అంబులెన్సుల ప్రమాణం చూడండి. గుండె ఆగిన మనిషి దగ్గరికి సగటున 7 నిమిషాల్లో చేరాలి. ప్రాణాపాయం కనిపించని కేసు మూడో వర్గంలోకి వెళ్తుంది, అక్కడ పదింట తొమ్మిదింటికి 120 నిమిషాల్లో చేరితే చాలు. పడి లేవలేక ఉన్న పెద్దవారు తరచుగా ఈ మూడో వర్గంలోనే పడతారు. అంటే నిమిషంలో గొంతు, రెండు గంటల్లో చెయ్యి. రెండింటికీ స్పందన అనే పేరు.

అసలు పొడవైనది మొదటి కాలం, పడడానికీ నొక్కడానికీ మధ్యది. దానికి కొలతే లేదు, ఎందుకంటే నొక్కితే తప్ప యంత్రానికి గడియారం మొదలవదు.

మా పెద్దమ్మ సంగతే చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకు బాత్‌రూమ్‌లో కాలు జారింది. తడిస్తే పాడవుతుందని బటన్‌ను తువ్వాలుతోపాటు మేకుకు తగిలించింది. తడిసినా ఏమీ కాదని కాగితంలోనే రాసి ఉంది. నేల మీంచి చూస్తే ఆ బిళ్ల సరిగ్గా కళ్లెదురుగా వేలాడుతోందట, నాలుగడుగుల ఎత్తులో. ఏడింటికి పనిమనిషి వచ్చి, పిలిచి పిలిచి, పెరటి గోడ ఎక్కించడానికి పక్కింటి కుర్రాణ్ణి పిలుచుకొచ్చింది. ఎముక విరగలేదు. ఆసుపత్రిలో నేను వెళ్లి, చేతికి అందుంటే బాగుండేది అన్నాను. "అందినా నొక్కేదాన్ని కాదురా. తెల్లారకుండా ఎవర్ని లేపుతాం?" అంది. నెలాఖరున అన్నయ్యకు వచ్చిన రిపోర్టులో ఆ నెల కాల్స్ రెండు, రెండూ పొరపాటున నొక్కినవి. సగటు స్పందన 14 సెకన్లు. ఆ తెల్లవారుజాము అందులో లేదు.

ఆవిడది ప్రత్యేకమైన మొండితనం అనుకోకండి. కేంబ్రిడ్జిలో 90 ఏళ్లు దాటిన 110 మందిని ఏడాదిపాటు గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. 66 మంది పడ్డారు. వారిలో 53 మంది కనీసం ఒకసారైనా తమంతట తాము లేవలేకపోయారు. 20 మంది గంట, అంతకుమించి నేల మీదే ఉన్నారు. అలారం బటన్లు చాలామందికి ఉన్నాయి. కానీ ఎక్కువసేపు పడి ఉన్న సందర్భాల్లో ఎక్కువ భాగం వాటిని ఎవరూ నొక్కలేదు.

పడిపోవడాన్ని తనంతట తాను పసిగట్టే గడియారాలు వచ్చింది ఈ ఖాళీ పూడ్చడానికే. 2018లో వచ్చిన ఆపిల్ వాచ్ మోడల్, గట్టిగా పడ్డాక సుమారు నిమిషంపాటు మనిషి కదలకపోతే తానే ఫోన్ చేస్తుంది. మేలైన ఉపాయమే. అయితే అది పట్టుకునేది దబ్బున పడడాన్ని. గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడితే తప్పిపోవచ్చు. పెద్దవాళ్లు పడే తీరుల్లో అదీ ఒకటి.

వేగం: మామూలు వాడుకలో దూరాన్ని కాలంతో భాగిస్తే వచ్చేది. ఇక్కడ ఆ అర్థం పొసగదు. అంబులెన్సు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోయిందన్నది కాదు, ఎంత తక్కువ కాలం గడిచిందన్నది విషయం. ఎంత తక్కువైతే చాలు అన్నదానికి ఒకే జవాబు లేదు. జబ్బుకో గడియారం ఉంది.

గుండె ఆగిపోవడం వేరు, గుండెపోటు వేరు. మొదటిదాంట్లో కొన్ని సెకన్లలో స్పృహ పోతుంది, బటన్ నొక్కే చెయ్యే ఉండదు. ఛాతీ మీద అదిమి సీపీఆర్ చేసేవారు లేకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తరిగిపోతుంది. ఒంటరి మనిషికి ఆ స్థితిలో బటన్ అక్కరకు రాదు, ఈ సంగతి బటన్ అమ్మేవాళ్లు చెప్పరు. గుండెపోటులో నొప్పి ఉంటుంది, మాట ఉంటుంది, నొక్కే వ్యవధి ఉంటుంది. బటన్ విలువ అక్కడ.

పక్షవాతంలో, అనగా మెదడుకు రక్తం అడ్డుపడిన రకంలో, పెద్ద నాళం మూసుకుంటే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో ఒక వైద్యుడు లెక్క కట్టాడు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. గడ్డను తీగతో లాగే చికిత్సకు కొందరిలో 24 గంటల దాకా వీలుంటుంది. ఎప్పటినుంచి లెక్క అంటే, మనిషి మామూలుగా ఉండగా చివరిసారి చూసిన క్షణం నుంచి. రాత్రి పదింటికి ఫోన్లో మాట్లాడి, ఉదయం ఆరింటికి నోరు వంకరపోయి కనిపిస్తే, డాక్టరు గడియారం పదింటి నుంచే నడుస్తుంది, ఇంజెక్షన్ గడువు దాటినట్టే. స్కానింగ్‌లో వేరే ఆధారం దొరికితే తప్ప. మధ్యలో రెండింటికి బటన్ నొక్కి ఉంటే, సాయం వచ్చేదాని సంగతి అలా ఉంచి, టైముకు సాక్ష్యం దొరికేది.

ఇక ఉత్తగా పడి ఉండడం. దెబ్బ తగలకపోయినా ఇది ప్రమాదమేనని చాలామందికి తెలియదు. ఒళ్లు బరువుకు తుంటి, భుజం కింది కండ నేలకూ ఎముకకూ మధ్య నలుగుతుంది. రక్తం ఆడదు. కండకణాలు చిట్లి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రం డికాక్షన్ రంగుకు వస్తుంది. 1941లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు, శిథిలాల కింద నుంచి బతికి బయటపడ్డవారు కొద్ది రోజులకే మూత్రపిండాలు చెడి చనిపోవడాన్ని బైవాటర్స్, బీల్ అనే వైద్యులు నమోదు చేశారు. అప్పుడు ఇంటి దూలం చేసిన పనిని ఇక్కడ సొంత ఒంటి బరువే చేస్తుంది. దీనికి తోడు దాహం, ఒత్తిడి పుండ్లు, చలిదేశాల్లో ఒళ్లు చల్లబడడం. మా పెద్దమ్మకు ఆసుపత్రిలో ముందు చేసిన రక్తపరీక్ష సీపీకే, కండ ఎంత చితికిందో చెప్పేది. సెలైన్ ఎక్కించి అయిదు రోజులు ఉంచారు.

వైద్యులు గంటకు మించి నేల మీద ఉండిపోవడాన్ని దీర్ఘశయనంగా లెక్కిస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఇళ్లలో నిస్సహాయంగా దొరికినవారి మీద 1996లో వచ్చిన అధ్యయనంలో, గంటలోపే దొరికినవారిలో 12 శాతం, మూడు రోజులు దాటి దొరికినవారిలో 67 శాతం చనిపోయారు. ఆ తేడా మొత్తాన్నీ ఆలస్యం ఖాతాలో వేయకూడదు. జబ్బు ముదిరినవారే ఎక్కువసేపు పడి ఉంటారు, అది కూడా ఆ అంకెలో కలిసి ఉంది. కానీ గంటలోపు, గంట తర్వాత అన్న గీతకు అర్థముందని ఒప్పుకోక తప్పదు. సెకన్ల పోటీ అనవసరమనీ అదే గీత చెబుతోంది. 14 సెకన్లకూ 40 సెకన్లకూ తేడా కండకు తెలియదు. నాలుగున్నరకూ ఏడింటికీ తేడా తెలుస్తుంది.

సగటు అన్న మాట కూడా వేగం కిందికే వస్తుంది. తొమ్మిది కాల్స్ పది సెకన్లలో ఎత్తి, పదోది పది నిమిషాలకు ఎత్తితే సగటు 69 సెకన్లు. ఆ పదోవారికి ఆ సగటుతో పనిలేదు. కాబట్టి అడగవలసింది సగటు ఎంత అని కాదు, పదిమందిలో చివరివాడికి ఎంతసేపు పట్టింది అని.

ఇక అధ్యాహారం. వాక్యంలో లేకపోయినా అర్థం కుదరడానికి తెచ్చి కలుపుకునే మాటను వ్యాఖ్యాతలు అలా అంటారు. ఈ శీర్షికలో లేని మాట "ఎప్పటినుంచి". నొక్కినప్పటినుంచి అని కలిపితే ఒక అర్థం, పడ్డప్పటినుంచి అని కలిపితే వేరే అర్థం. మొదటిది కొలవడం సులువు, కంపెనీ దాన్ని కొలిచి అచ్చువేస్తుంది. రెండోదాన్ని ఇంట్లోవాళ్లే కొలుచుకోవాలి.

సంక్రాంతికి అన్నయ్య వచ్చినప్పుడు బాత్‌రూమ్‌లో మేకు పీకేసి, రెండో బటన్‌ను నేలకు జానెడు ఎత్తులో గోడకు అంటించాడు. దుప్పటి పరిచి, ఒకసారి పడుకుని నొక్కి చూడమన్నాడు. "ఇదేం చోద్యంరా" అంటూనే పెద్దమ్మ కుడిపక్కకు వాలింది. ఆమె భుజం నేలకు తగలగానే అన్నయ్య ఫోన్లో స్టాప్‌వాచ్ మొదలుపెట్టాడు. చెయ్యి మొదట గోడను తడిమింది, తర్వాత పంపును, తర్వాత బటన్‌ను. హాల్లోంచి గొంతు వచ్చింది, "చెప్పండమ్మా, ఏమైంది?" అని.

"ఏం కాలేదు బాబూ, పడుకుని చూస్తున్నాను" అంది పెద్దమ్మ.