నీళ్ళలో వీడియో: తక్కువ ఖర్చులో హెచ్.డి. కెమేరా ఎంచుకోవటం ఎలా?

మెమోరియల్ డే దగ్గర పడిందంటే చాలు, మనవాళ్ళ మధ్య ఫ్లోరిడా కీస్, హవాయి, కాంకూన్ టిక్కెట్ల ముచ్చట్లు మొదలవుతాయి. ఒకప్పుడు నయాగరా, డిస్నీ వరల్డ్ చూసి తృప్తిపడ్డవాళ్ళం, ఇప్పుడు పిల్లలకి స్నార్కెలింగ్ నేర్పిస్తున్నాం. కొందరు స్కూబా సర్టిఫికేషన్ కూడా తీసుకుంటున్నారు. నీళ్ళలో కనపడ్డ తాబేలుని ఊళ్ళో ఉన్న అమ్మమ్మకీ తాతయ్యకీ చూపించాలన్న సరదా ఆ వెనకే వస్తుంది. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ కెమేరా కొనాలి?" సుమారు 800 డాలర్లు దాటకుండా ఈ పని ఎలా కానివ్వచ్చో చూద్దాం.

ముందు కొంచెం వెనక్కి వెళదాం. ఇంట్లో వాడుకునే హెచ్.డి. వీడియో కోసం హెచ్.డి.వి. అనే టేపు పద్ధతి 2003లో వచ్చింది. 2005లో సోనీ హెచ్.సి.1 సుమారు 2000 డాలర్లకి దొరికితే అది చవక అనుకున్నారు. దాన్ని నీళ్ళలోకి తీసుకెళ్ళే హౌసింగ్ (పెట్టె అనుకోండి) ఖర్చు వేరే. 2009లో గోప్రో వాళ్ళ హెచ్.డి. హీరో వచ్చి ఈ లెక్క మార్చేసింది. కాకపోతే దాని పెట్టె ముందు అద్దం ఉబ్బుగా ఉండటం వల్ల నీళ్ళలో బొమ్మ మసకగా వచ్చేది. తర్వాత చదును అద్దం ఉన్న పెట్టెలు వచ్చాక ఆ బాధ తీరింది. ఇప్పుడు ఏ చిన్న కెమేరా అయినా 1080 రిజల్యూషన్ ఇస్తుంది, చాలావాటిలో 4కె కూడా ఉంది. కాబట్టి పిక్సెళ్ళ గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. అసలు చిక్కు నీళ్ళతోనే.

నీళ్ళు ఏం చేస్తాయి?

నీరు వెలుగుని తాగేస్తుంది, అదీ అన్ని రంగుల్నీ సమానంగా కాదు. ముందు పోయేది ఎరుపు. 15, 20 అడుగులు దిగేసరికి చాలా భాగం పోతుంది, ఆ తర్వాత నారింజ, పసుపు. మిగిలేది నీలం, ఆకుపచ్చ. ఎర్ర చేప బూడిదరంగులో కనపడేది అందుకే. మనం దిగిన లోతు ఒక్కటే కాదు, చేపకీ కెమేరాకీ మధ్య ఉన్న దూరం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. పది అడుగుల అవతలున్న చేపని జూమ్ చేసి తీస్తే వచ్చేది నీలిపొగే. నీళ్ళలో మంచి వీడియోకి మొదటి సూత్రం దగ్గరికి వెళ్ళటం, ఇంకా దగ్గరికి వెళ్ళటం.

రెండోది వక్రీభవనం, ఇంటర్మీడియట్ ఫిజిక్సులో చదువుకున్నదే. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. దానివల్ల చదునైన అద్దం వెనక నుంచి చూస్తే వస్తువులు మూడోవంతు పెద్దగా, పావువంతు దగ్గరగా కనపడతాయి. అంటే మీ కెమేరా ఎంత వెడల్పు దృశ్యం పడుతుందని పెట్టె మీద రాశారో, నీళ్ళలో అంత పట్టదు. దగ్గరికి వెళ్ళాలి, అయినా దృశ్యం అంతా పట్టాలి కాబట్టి వైడ్ యాంగిల్ లెన్సుకే ఇక్కడ విలువ. జూమ్ ఎన్ని రెట్లు అన్నది పట్టించుకోకండి.

లోతు అంకెలు నమ్మవచ్చా?

ప్రతి 33 అడుగులకీ (10 మీటర్లకీ) ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. మొదటి స్థాయి స్కూబా సర్టిఫికేషన్‌తో దిగే లోతు 60 అడుగులు, అంటే 18 మీటర్లు. 2016లో వచ్చిన హీరో5 బ్లాక్ నుంచి గోప్రో హీరో బ్లాక్ కెమేరాలు పెట్టె లేకుండా 10 మీటర్ల దాకా వెళతాయి. స్నార్కెలింగ్‌కి అది బాగా సరిపోతుంది, స్కూబాకి చాలదు. విడిగా అమ్మే పెట్టె తొడిగితే 60 మీటర్లు. డి.జె.ఐ. వాళ్ళ ఆస్మో యాక్షన్ 4 (2023) పెట్టె లేకుండానే 18 మీటర్లు, యాక్షన్ 5 ప్రో (2024) 20 మీటర్లు అని చెపుతున్నారు. అయినా స్కూబాకి వెళ్ళేవాళ్ళు పెట్టె తొడగటమే మంచిదని నా అభిప్రాయం. అంచుదాకా వెళ్ళి పరీక్ష పెట్టటానికి ఇదేమీ టెస్ట్ సర్వర్ కాదు.

ఫోన్ల సంగతి వేరు. ఐ.పి.68 అంటే నీళ్ళలో పడితే బతుకుతుందని, ఈత కొట్టించమని కాదు. ఐఫోన్ 12 తర్వాత చాలా మోడళ్ళకి యాపిల్ చెప్పే అంకె 6 మీటర్లు, అరగంట. అలా ఉన్నా నీళ్ళవల్ల పాడైతే వారంటీ వర్తించదు. పైగా నీళ్ళలో టచ్ స్క్రీన్ పనిచెయ్యదు. పదిహేను డాలర్ల ప్లాస్టిక్ సంచీలో వెయ్యి డాలర్ల ఫోను పెట్టటం ఎందుకో నాకు అర్థంకాదు. ఫోనుతోనే తియ్యాలనుకుంటే సీలైఫ్ వాళ్ళ స్పోర్ట్‌డైవర్ లాంటి గట్టి పెట్టెలున్నాయి. బయటి బటన్లు నొక్కితే బ్లూటూత్ ద్వారా ఫోను నడుస్తుంది, 130 అడుగుల దాకా దిగవచ్చు.

ఏ కెమేరా?

మీరు ఏం తియ్యబోతున్నారన్నదాన్ని బట్టే కెమేరా. పిల్లలు, తాబేళ్ళు, పగడపు దిబ్బలు అయితే యాక్షన్ కెమేరా. హీరో13 బ్లాక్ 2024లో విడుదలైనప్పుడు 399 డాలర్లు. అంతకు ఒకటి రెండేళ్ళ ముందు మోడల్ ఇంకా తక్కువకి దొరుకుతుంది, నీళ్ళలో పెద్ద తేడా ఏమీ తెలియదు. వీటితో ఒక ఇబ్బంది ఉంది. ఫోకస్ సాధారణంగా స్థిరంగా ఉంటుంది, అడుగు కంటే దగ్గరగా వెళితే మసక. ఫ్లోరిడాలో రివియేరా బీచ్ దగ్గర బ్లూ హెరాన్ బ్రిడ్జి కింద ఇరవై అడుగుల లోపు నీళ్ళలోనే నీటి గుర్రాలు, చిన్న చిన్న ప్రాణులు ఎన్నో కనపడతాయి. అలాంటివి తియ్యాలంటే టీజీ-7 (2023, ఓ.ఎం. సిస్టం, పూర్వపు ఒలింపస్) మేలు. ఒక సెంటీమీటరు దూరంలో కూడా ఫోకస్ అవుతుంది, పెట్టె లేకుండా 15 మీటర్లు వెళుతుంది. దీని ముందు మోడల్ టీజీ-6 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలకండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి ఒక మాట. ఈబేలో ఖాళీ హౌసింగ్ చవగ్గా కనపడుతుంది, తొందరపడకండి. బటన్లు ఎక్కడున్నాయో చూసి చేసిన పెట్టె కనక ఒక మోడల్‌ది ఇంకోదానికి పట్టదు. కెమేరా, పెట్టె రెండూ కలిపి అమ్మేవాళ్ళ దగ్గరే కొనాలి. ఏడాదికి రెండు డైవులు చేసేవాళ్ళయితే అసలు కొనకుండా డైవ్ షాపులో అద్దెకి తీసుకోవచ్చు.

లైటుకి డబ్బు దాచండి

చాలామంది మొత్తం డబ్బు కెమేరా మీద పోసి, లైటు దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు. నా లెక్కలో కెమేరాకి నాలుగు వందలు పెడితే లైటుకి కనీసం రెండు వందలు పక్కన పెట్టాలి. పోయిన ఎరుపుని తిరిగి తెచ్చేది లైటు మాత్రమే. 2000 ల్యూమెన్ల పైన, వెడల్పుగా పరుచుకునే వీడియో లైటు చూడండి. మామూలు డైవింగ్ టార్చి మధ్యలో తెల్లటి చుక్క వేస్తుంది, వీడియోకి పనికిరాదు. ఎంత పెద్ద లైటైనా మూడు, నాలుగు అడుగులు దాటితే దాని ప్రభావం అంతంతే, ఎందుకంటే వెలుగు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నీళ్ళకి సుంకం కడుతుంది. లైటుని లెన్సు పక్కనే పెట్టకండి. పొగమంచులో హై బీమ్ వేసినట్టు నీళ్ళలోని నలుసులన్నీ మెరుస్తాయి. రెండు చేతులతో పట్టుకునే ట్రే, దానికి ఒక పక్కన చెయ్యి లాంటి ఊచ, ఆ చివర లైటు. ట్రే వల్ల వీడియో ఊగటం కూడా తగ్గుతుంది.

లైటు కొనలేకపోతే ఎర్ర ఫిల్టరు ముప్ఫై, నలభై డాలర్లలో వస్తుంది. ఫ్లోరిడా కీస్, హవాయి లాంటి నీలి నీళ్ళలో, మధ్యస్థమైన లోతులో, ఎండ ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. మాంటరేలోనూ, మంచినీటి సరస్సుల్లోనూ నీళ్ళు పచ్చగా ఉంటాయి, అక్కడ మెజెంటా ఫిల్టరు కావాలి. లైటు వేసినప్పుడు ఫిల్టరు తీసెయ్యాలి. ఇక ఆషాఢంలో గోదావరి లాంటి రంగున్న నీళ్ళయితే ఏ ఫిల్టరూ కాపాడలేదు.

కార్డు విషయంలో కక్కుర్తి వద్దు. 4కె వీడియో సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకి 45 గిగాబైట్లు. వి30 అని రాసిన 128 గిగాబైట్ల కార్డు ఒకటి చాలు. వాట్సాప్‌లో ఇండియాకి పంపటానికే అయితే 1080లో తీసినా తాతయ్యకి తేడా తెలియదు.

కెమేరా కంటే ముందు

ఇది చెప్పకుండా కెమేరా కొనమనటం న్యాయం కాదు. మనలో చాలామందికి ఈత అంతంతమాత్రం. హవాయిలో సముద్రంలో మునిగి చనిపోయే పర్యాటకుల్లో ఎక్కువమంది స్నార్కెలింగ్ చేస్తున్నవాళ్ళేనని ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ చెపుతోంది. కెమేరా తెర చూస్తూ ఉంటే అలలు ఎటు లాగుతున్నాయో, పక్కనున్న పిల్లవాడు ఎక్కడున్నాడో గమనించం. పిల్లల్ని చూసుకునే మనిషి చేతిలో కెమేరా ఉండకూడదు, ఇంకొకరు తియ్యాలి. స్కూబా చేసేవాళ్ళు నీళ్ళలో కదలకుండా నిలబడటం, గాలి గేజి చూసుకోవటం అలవాటయ్యేదాకా కెమేరా ఒడ్డునే ఉంచాలి. పగడాల మీద కాళ్ళు పెట్టి నిలబడి తియ్యటం ఫ్లోరిడా కీస్ సాంక్చురీలో నిషేధం కూడా.

ఓ-రింగ్

నీళ్ళు లోపలికి పోవటానికి సాధారణంగా పెట్టె పగలనక్కర్లేదు, రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు చాలు. హోటల్ గదిలో, మంచి వెలుతురులో, తీరిగ్గా మూయండి, పడవ మీద కాదు. కొత్త పెట్టెని మొదటిసారి కెమేరా లేకుండా, లోపల టిష్యూ కాగితం పెట్టి నీళ్ళలో ముంచి చూడండి. ఏ.సి. గదిలో మూస్తే లోపలి గాలి పొడిగా ఉండి అద్దానికి ఆవిరి పట్టదు. తేమ పీల్చే చిన్న కాగితం ముక్కలు అమ్ముతారు, ఒకటి వెయ్యండి. బయటికి వచ్చాక మంచినీళ్ళలో అరగంట నానబెట్టి, బటన్లు నాలుగుసార్లు నొక్కి, తుడిచి ఆరాకే తెరవండి. విమానంలో విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, లైటు బ్యాటరీలతో సహా చేతి సంచీలోనే, కొసలకి టేపు అంటించి తీసుకెళ్ళాలి.