క్లారినెట్టు: పుట్టుక, పోషణ

గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో వాద్యమును గూర్చిన వ్యాసమేమిటని చదువరులకు సందేహము కలుగవచ్చును. కాని పుస్తకమునకును వాద్యమునకును ఒక పోలిక కలదు. రెండును వాడుక లేక మూలబడినచో చెడును. వాడుకలో నుండియు శ్రద్ధ లోపించినచో మరింత త్వరగా చెడును. మన యూళ్ళ పెండ్లి బ్యాండు మేళములలో తండ్రినుండి కుమారునకు సంక్రమించిన క్లారినెట్టులు అనేకము కలవు. వాటిలో కొన్ని నేటికిని పలుకుచున్నవి. కొన్ని అటకలమీద పెట్టెలలో పగుళ్ళువారి మూగవోయినవి. ఈ భేదమునకు కారణము చాలవరకు వాద్యపు వెలలో లేదు. దానిని పోషించిన యింటి అలవాటులో నున్నది.

ఆ అలవాట్లకు మూడువందల యేండ్ల చరిత్ర కలదు. క్లారినెట్టు నిర్మాణములో కాలక్రమమున వచ్చిన మార్పులలో పెక్కు, గాలి కారుట, తడి నిలుచుట, కొయ్య పగులుట అను మూడు బాధలకు మనుష్యుడు వెదకిన మందులే. ఆ చరిత్ర తెలిసినవారికి పోషణ విధులను బట్టీపట్టవలసిన పని యుండదు. వాటంతట అవియే బోధపడును.

క్లారినెట్టు జన్మస్థానము జర్మనీ దేశమందలి న్యూరెంబర్గు నగరము. అచ్చట జొహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ (1655–1707) అను వాద్యనిర్మాత యుండెను. అప్పటికి వాడుకలోనున్న షాలుమో అను చిన్న రీడు వాద్యమును ఆతడు సంస్కరించి, పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున క్లారినెట్టును నిర్మించెనని 1730లో డోపెల్‌మాయర్ అను పండితుడు వ్రాసెను. డెన్నరు కుమారుడు జేకబ్ ఆ పనిని కొనసాగించెను. ఆనాటి వాద్యమునకు రెండే మీటలు. శరీరము బాక్స్ అను పసుపువన్నె గట్టికొయ్య. రీడును దారముతో చుట్టి మౌత్‌పీసునకు బిగించెడివారు. ముక్కల అతుకులకును దారమే చుట్టెడివారు. పైస్థాయిలో దాని ధ్వని క్లారినో అను బాకాను తలపించుటచే, చిన్న క్లారినో అను అర్థమున దానికా పేరు వచ్చినది.

ఈ వాద్యమున కొక విశేషము కలదు. మురళిలో నొక స్వరమును పట్టి ఊపిరి హెచ్చించినచో అదే స్వరము పైస్థాయిలో పలుకును. క్లారినెట్టులో అట్లు కాదు. గొట్టము ఇంచుమించు ఒకే వెడల్పు గలదై, ఒక కొన రీడుచే మూయబడి యుండుటచేత, షడ్జమును పట్టి వెనుకనున్న మీటను తెరచినచో తారషడ్జమును దాటి దానిపైనున్న పంచమము పలుకును. కావున ఆ షడ్జము మొదలు తారపంచమము దనుక గల స్వరములన్నిటికిని వేరువేరు రంధ్రములు కావలెను. చేతివ్రేళ్ళు అందులకు చాలవు. అందుచే మీటలు పెరిగినవి. మీటలు పెరిగిన కొలది గాలి కారుటకు తావులును పెరిగినవి. క్లారినెట్టు పోషణలోని కష్టములో సగము ఈ యొక్క ధర్మమునుండి పుట్టినదే.

పదునెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మీటలు ఐదాయెను. అట్టి కొలది మీటల వాద్యముల కాలముననే మొజార్టు తన మిత్రుడైన ఆంటన్ స్టాడ్లరు కొరకు 1789లో క్లారినెట్టు క్వింటెట్టును, 1791లో కన్సర్టోను రచించెను. కాని ఆనాటి మీటల క్రింద నుండునది చదునైన తోలుముక్క. అది రంధ్రమును పూర్తిగా మూయజాలదు. మీటలను ఇంకను పెంచవలెనన్న ముందుగా గాలి కారుట మానవలెను. ఐవాన్ ముల్లర్ (1786–1854) ఈ చిక్కును విప్పెను. తోలులో ఉన్ని కూరిన మెత్తని ప్యాడులను, అవి చక్కగ కుదురుకొనునట్లు అంచులు దిద్దిన రంధ్రములను కూర్చి ఆతడు పదమూడు మీటల వాద్యమును సిద్ధపరచెను. 1812 ప్రాంతమున పారిస్ సంగీత విద్యాలయపు పండితులు దానిని తిరస్కరించిరి. వాద్యకారులు మాత్రము దానిని విడువలేదు. నేడు మనము మార్పించుకొను ప్రతి ప్యాడునకును ముల్లరు ప్యాడే మూలపురుషుడు.

అనంతరము హయసింథ్ క్లోజే అను వాద్యకారుడును, లూయీ ఆగస్ట్ బఫే అను నిర్మాతయు కలిసి, బోయెమ్ తన మురళికి వాడిన వలయముల పద్ధతిని క్లారినెట్టునకు చేర్చి, 1839లో పారిస్ ప్రదర్శనమునం దుంచిరి. ప్రపంచమున నేడు ఎక్కువ వ్యాప్తిలోనున్నది ఈ పద్ధతియే. దీనికి పూర్వపు మార్గము ననుసరించి బ్రస్సెల్సు నగరమున యూజీన్ ఆల్బర్టు చేసిన వాద్యములును పేరొందినవి. ఆల్బర్టు పద్ధతిలో వలయములు తక్కువ. వ్రేలిని మెల్లగా జార్చి స్వరమును వంచుటకు అది అనుకూలము.

ఇక కొయ్య సంగతి. బాక్సు కొయ్య తడికి ఉబ్బి, ఎండకు వంగును. పందొమ్మిదవ శతాబ్దిలో దాని స్థానమును తూర్పు ఆఫ్రికానుండి వచ్చు నల్లకొయ్య ఆక్రమించెను. స్వాహిలీ భాషలో దానిని మ్పింగో అందురు. టాంజానియా, మొజాంబిక్ దేశములలో పెరుగును. మన అడవులలోని జిట్టేగి చెట్టు దీని జ్ఞాతియే. రెండును డాల్బెర్జియా ప్రజాతిలోనివి. ఈ నల్లకొయ్య నీటిలో మునుగునంత బరువైనది, మిగుల నెమ్మదిగా పెరుగునది. దీని జాతి కొయ్యలన్నిటి వ్యాపారము 2017లో సైటీస్ అను అంతర్జాతీయ ఒడంబడికచే నియంత్రింపబడెను. తయారైన వాద్యములకు 2019లో మినహాయింపు లభించెను. ఇంటిలోనున్న పాత వాద్యమును కాపాడుకొనుట యనగా అట్టి చెట్టు నొకదానిని కాపాడుటయే.

అంత గట్టి కొయ్యయు పగులుట కలదు. వాయించునప్పుడు వెచ్చని తడియూపిరి లోపలి గొట్టమును తాకి దానిని ఉబ్బించును. వెలుపలి భాగము చల్లగ, పొడిగ నుండును. లోపలి ఉబ్బును వెలుపలి పొర ఓర్వజాలనిచో పగులును. ఇందుచేతనే ఎబొనైటు, ప్లాస్టిక్కు, లోహము మొదలగువానితో గూడ క్లారినెట్టులు వచ్చినవి. ఎబొనైటు పగుళ్ళకు లోబడదు గాని, ఎండకును వేడినీటికిని రంగు మారి ఆకుపచ్చ, గోధుమ వన్నెలకు దిగును.

మన దేశమునకు ఈ వాద్యము సైనిక బ్యాండుల వెంట వచ్చినది. తంజావూరు నేలిన రెండవ శరభోజి (పాలనము 1798–1832) పాశ్చాత్య సంగీతమును ఆదరించెను. 1860 ప్రాంతమున తంజావూరు మహాదేవ నట్టువనారు క్లారినెట్టును చిన్నమేళములో ప్రవేశపెట్టెనని చెప్పుదురు. అచ్చట అది ముఖవీణ స్థానమున నిలిచి, నర్తకి అభినయించు తెలుగు పదములకు తోడు పలికినది. పిదప పెండ్లి ఊరేగింపుల బ్యాండులలో ఊరూర వ్యాపించినది. తిరుచిరాపల్లికి చెందిన ఏ. కె. సి. నటరాజన్ (జననము 1931) దానిని కర్ణాటక సంగీత సభలలో ప్రధాన వాద్యముగ నిలిపెను. ఆయనకు 2008 సంవత్సరపు సంగీత కళానిధి బిరుదమును, 2022లో పద్మశ్రీయు లభించినవి.

ఐరోపా శీతల దేశములకై దిద్దబడిన వాద్యము మన రోహిణీ కార్తె ఎండను, శ్రావణ మాసపు ముసురును, సముద్రతీరపు ఉప్పుగాలిని భరింపవలసి వచ్చినది. కావున పోషణ విషయమున మన యిండ్లలో హెచ్చు మెలకువ కావలెను.

మొదటిది తడి. వాయించుట ముగిసిన వెంటనే వాద్యమును విప్పి లోపల తుడువవలెను. మెత్తని పాత నూలుగుడ్డకు దారమును, దారపు కొనకు చిన్న బరువును కట్టి, బరువును అడుగున గంటవలె విచ్చుకొన్న భాగము వైపు నుండి జారవిడిచి మెల్లగ లాగవలెను. గుడ్డ ముడిపడి లోపల చిక్కుకొనకుండ ముందే విప్పి చూచుకొనవలెను. అతుకుల లోపలను వెలుపలను వ్రేలితో గుడ్డ పెట్టి తుడువవలెను. తడి ఎక్కువగ నిలుచు చోట్లు అవియే. తడి వాద్యమును అట్లే పెట్టెలో మూయుట అన్నిటికంటె పెద్ద అపచారము.

రెండవది రీడు. ఫ్రాన్సు దక్షిణభాగమందలి వార్ మండలము దీనికి ప్రసిద్ధి. అచ్చట పెరుగు వెదురు వంటి పెద్ద రెల్లును కోసి, ఎండబెట్టి, చీల్చి రీడులు చేయుదురు. దానిని ప్రతిసారియు మౌత్‌పీసునుండి తీసి, తుడిచి, గాజుపలక వంటి చదునైన తావున ఆరనీయవలెను. లేనిచో అంచు అలలు దేరును. మూడు నాలుగు రీడులను మార్చి మార్చి వాడినచో ప్రతిదియు ఎక్కువ దినములు వచ్చును. మౌత్‌పీసును గోరువెచ్చని నీటితోనే కడుగవలెను. పెండ్లి విందు ముగించి నోరు పుక్కిలింపకయో, తాంబూలము నమలుచునో వాయించినచో ఆ తీపియు సున్నమును ప్యాడులకు పట్టి, మీటలు అంటుకొనును. అట్లు అంటుకొన్న ప్యాడు క్రింద పలుచని కాగితము నుంచి, మీటను మెల్లగ నొక్కి, మరల ఎత్తి కాగితమును తీయవలెను. నొక్కియుండగా లాగినచో ప్యాడుపైనున్న పలుచని పొర చినుగును.

మూడవది గాలి. ప్యాడులు సరిగ మూయుచున్నవో లేదో ఇంటనే తెలిసికొనవచ్చును. పై ముక్క అడుగు కొనను అరచేతితో మూసి, రంధ్రములను వ్రేళ్ళతో మూసి, పై కొననుండి గాలి పీల్చవలెను. క్షణకాలము పట్టు నిలిచినచో ప్యాడులు క్షేమము. వెంటనే వదలినచో ఎచ్చటనో గాలి కారుచున్నది. ముల్లరు ఎదుర్కొన్న బాధయే ఇది. మందుపురుగు లేక చిమ్మెట ప్యాడులోని ఉన్నిబట్టను తినుటయు కలదు. పుస్తకముల బీరువాలో వలెనే గుడ్డసంచిలో ఎండిన వేపాకు నుంచి, నెల కొకసారి పెట్టెను తెరచి చూచుట మేలు.

అతుకుల కార్కు పొడిబారినచో దానికి తగిన కొవ్వుమందును పలుచగ పూయవలెను. ముక్కలను కూర్చునప్పుడు పై ముక్క వలయమును నొక్కి, రెండు ముక్కలను కలుపు మీటను ఎత్తి పట్టవలెను; లేనిచో అది వంగును. వానకాలమున కొయ్య ఉబ్బి అతుకు పట్టినచో బలము చేయరాదు. ఒక దినము పొడి గదిలో నుంచినచో అదియే వదలును. వేసవిలో కొయ్య కృశించి లోహపు పొన్నులు వదులగును. అట్టి వేళ వాద్యమును పెంకుల క్రింద, కిటికీ యెండలో, మోటారు బండిలో ఉంచరాదు.

మీటల ఇరుసులకు ఆరు నెలల కొకసారి సూదికొనతో ఒక్కొక్క బొట్టు కుట్టుమిషను నూనె చాలును. లోపలి కొయ్యకు బాదంనూనెను మిక్కిలి పలుచగ, ఏటి కొకటి రెండుసార్లు పట్టించుట పూర్వాచారము. నూనె ప్యాడును తాకరాదు. ఇత్తడి చెంబులకు అలవాటైన చింతపండును, బూడిదను మీటలపై ప్రయోగింపరాదు. పై పూత పోవును. చేతి చెమటను పొడిగుడ్డతో తుడుచుటయే మెరుగు. ఉక్కు స్ప్రింగులు ఉప్పుగాలికి త్రుప్పు పట్టును గనుక తీరగ్రామములవారు వాద్యమును బయట వ్రేలాడదీయరాదు. కొత్త కొయ్య వాద్యమును మొదటి కొన్ని వారములు దినమునకు పావుగంటకు మించి వాయింపరాదు.

అటకనుండి దించిన పాత వాద్యమునకును ఇదే నియమము. ఉత్సాహముతో వెంటనే ఊదినచో ఏండ్ల తరబడి ఎండిన కొయ్యకు ఆ తడియే శత్రువగును. ముందు దుమ్ము తుడిచి, నూనె పట్టించి, కొన్ని దినములు ఆగి, ఐదు నిమిషములతో ఆరంభింపవలెను. సన్నని పగులును, విరిగిన స్ప్రింగును, ప్యాడుల మార్పును పనివానికే విడువవలెను. జిగురుతోను, దారముతోను చేసిన తొందర వైద్యము పిదప అసలు వైద్యమునకు అడ్డుపడును.

ఈ శ్రద్ధ మన దేశమునకు క్రొత్త కాదు. నాదస్వర విద్వాంసుడు అదనపు పీకలను, వాటిని సరిదిద్దు సూదిని దారముతో వాద్యమునకే వ్రేలాడగట్టుకొనును. ప్రకాశము జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగమున స్థిరపడిన షేక్ చినమౌలానా సాహెబు (1924–1999) వంటి మహావిద్వాంసుల చేతిలోని వాద్యమునకును అదే అలంకారము. పోషణ సామగ్రి వాద్యమునుండి వేరు కాదని ఆ దారము చెప్పుచున్నది. క్లారినెట్టు పరదేశమునుండి వచ్చినది గనుక ఆ ఆచారము దానికి అబ్బలేదు. పెట్టెలో గుడ్డముక్కయైన లేని వాద్యములే మన యూళ్ళలో ఎక్కువ.

పెండ్లి ఊరేగింపులలో ధ్వనిపెట్టెల హోరు పెరిగి బ్యాండు మేళములు తగ్గిన ఈ కాలమున, చెడిన వాద్యమును బాగుచేయించువారును, పలుకు వాద్యమును వాయించువారును అరుదగుచున్నారు. ఒక వాద్యము మూగవోయినచో దానితో ఒక యింటి విద్య సగము ముగియును. ఏ యింట క్లారినెట్టు పెట్టె యున్నదో ఆ యింటివారు దానిని ఒకమారు తెరచి, తుడిచి, పెట్టెలో ఒక శుభ్రమైన గుడ్డను, ఒక చిన్న కాగితమును ఉంచుదురు గాక. ప్యాడులు ఎప్పుడు మార్చినది, నూనె ఎప్పుడు పట్టించినది ఆ కాగితముపై వ్రాసిన చాలును. పుస్తకముల రాకపోకలను చీటిపై గుర్తించు అలవాటు మన గ్రంథాలయపు చదువరులకు ముందే కలదు గనుక ఇది వారికి కష్టము కాదు.