పలకరాయి, పరంజా, చట్టము

గిద్దలూరికి దక్షిణముగా, కడప సీమలోనున్న పోరుమామిళ్ల చెరువుగట్టున, బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు క్రీ.శ. 1369లో వేయించిన సంస్కృత శాసన మొకటి కలదు. చెరువునకు ఉండవలసిన 12 సాధనములను, చెరువును చెరచు 6 దోషములను ఏకరువు పెట్టిన పిమ్మట, దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరనియు, తూములకు, గోడలకు నూరు బండ్లు తిరిగెననియు, రెండేండ్లలో పని ముగిసెననియు ఆ శాసనము చెప్పుచున్నది. ఇంత నికరముగా లెక్కచెప్పిన శాసనములు మనకు అరుదు. కాని ఆరు దోషములును చెరువునకు చెందినవే; రాతితట్ట మోయువానికి చెందినది అందులో ఒక్కటియు లేదు. ఆ వేయిమందిలో రెండేండ్లు గడచునప్పటికి ఎందరు మిగిలిరో చెప్పవలెనన్న తలపు ఆనాటి శాసనకవికి కలుగలేదు. గుండ్లకమ్మకు అడ్డముగా రెండు కొండల నడుమ నిలిచిన కంభము చెరువు విషయమును ఇట్టిదే. దానిని కట్టించినదని చెప్పుకొను వరదరాజమ్మ పేరు జనుల నోట నిలిచినది గాని, కట్టకు మన్నెత్తిన వడ్డెర్ల పేరు ఒక్కటియు నిలువలేదు. 2020లో ఈ రెండు చెరువులకును అంతర్జాతీయ నీటిపారుదల వారసత్వ కట్టడములుగా గుర్తింపు లభించినది.

ఐదు శతాబ్దముల తరువాత ఈ సీమలో అంతటి పని మరల జరిగినది రైలు వచ్చినప్పుడు. 1876–78 నాటి మహాక్షామము దత్తమండలములను ఊడ్చివేయగా, 1880 నాటి క్షామ విచారణ సంఘము కరవునేలలకు ధాన్యము చేర్చు రైలుదారులను వేయవలసినదని చెప్పెను. ఆ కోవలో పుట్టినదే బళ్లారి–కృష్ణా రైలుమార్గము. గిద్దలూరు దాటి, దిగువమెట్ట, చెలమల మీదుగా నల్లమలను ఛేదించుకొని నంద్యాలకు పోవు ఆ దారిలో, లోయపై దొరబావి వంతెనయు, కొండ కడుపున బొగద సొరంగమును 1880ల దశకములో సిద్ధమైనవి. 1990లలో బ్రాడ్‌గేజి వచ్చిన పిమ్మట పాత వంతెన పనిలేనిదయ్యెను. దానిని చూడబోవువారు దాని ఎత్తునకు అబ్బురపడి, కట్టించిన దొరలను మెచ్చుకొని మరలుదురు. అది ఉచితమే, అయినను ఆ లోయలో పరంజా కట్టినవానికి ఆనాటి చట్టము ఏమి ఇచ్చెనని అడుగుటయు ఉచితమే.

ఇచ్చినది స్వల్పము. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదముల చట్టము ప్రకారము, మృతుని కుటుంబము యజమాని తప్పును నిరూపించి న్యాయస్థానములో నష్టము కోరవచ్చును. క్షామములో ఊరు విడిచి వచ్చిన కూలి భార్య కోర్టెక్కి రైలు కంపెనీ తప్పును నిరూపించుట ఎట్టిదో పాఠకులు ఊహించుకొనవచ్చును. 1881 నాటి తొలి ఫ్యాక్టరీ చట్టము నూరుమందికి తక్కువ కాని కర్మాగారములకు మాత్రమే వర్తించెను. సొరంగము కర్మాగారము కాదు. గనుల చట్టము 1901 వరకు రానేలేదు. ఇక నల్లమల జ్వరమా, దానిని దోమ మోసుకొని వచ్చునని రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో కనుగొనునప్పటికి 1897 వచ్చెను. అప్పటికి ఈ దారిలో బండ్లు నడుచుచుండెను.

యజమాని తప్పును నిరూపింపనక్కరలేకయే, పనిమూలమున పనివేళ జరిగిన ప్రమాదమునకు పరిహారము నీయవలెనన్న సూత్రము 1923 నాటి శ్రామిక పరిహార చట్టముతో వచ్చినది. ఇది గొప్ప మలుపే. పరంజా విరిగి పడినవాని కాలు ఎల్లరకు కనబడును. తేదీ కలదు, సాక్షులు కలరు. కాని ఇదే సీమలోని మార్కాపురపు ముఖ్యవృత్తిలో మనిషిని కూల్చునది అట్లు తేదీ చెప్పి వచ్చునది కాదు.

పలకల మాట చెప్పుచున్నాను. తెలుగునాట ఒకానొక కాలమున అక్షరాభ్యాసము జరిగిన ప్రతి యింటను మార్కాపురపు రాతిముక్క ఒకటి ఉండెననిన అతిశయోక్తి యెంతయో లేదు. ఈ రాయి పొరలు పొరలుగా నుండును. పనివాడు గొంతుకూర్చుండి, దిమ్మ అంచున పలుచని ఉలినుంచి, సుత్తితో మోదక, తట్టును. ఒకటి రెండు తట్లకు దిమ్మ వారపొడుగున పగులుబారి, పుస్తకపు అట్ట తెరచుకొన్నట్లు ఒక పొర విడివడును. పిమ్మట అంచులు కోయుట, నీళ్లు చల్లి అరగదీయుట, కొయ్యచట్రము బిగించుట. అరగదీయుట తడిపని గనుక హాని తక్కువ. నోటుపుస్తకములు వచ్చి పలకకు గిరాకి తగ్గగా, అదే రాయి ఇంటికప్పులకు, గోడలకు, నేలకు పరచు బండగా మారి విదేశములకు ఓడ యెక్కినది. దానితో కోతయంత్రములును వచ్చినవి. పొడిగా కోసినప్పుడు తిరుగుచున్న బిళ్లనుండి బూడిదవన్నె పిండి ఎగసి, రెప్పల మీద, మీసముల మీద పేరును. పనివాడు తువాలు ముఖమునకు చుట్టుకొనును. కంటికి కనబడు పిండిని తువాలు ఆపును గాని, కనబడని సన్నని ఇసుకధూళిని ఆపలేదు. ఊపిరితిత్తులలో దిగి, ఏండ్ల తరబడి మచ్చలు కట్టి, సిలికోసిస్ అను మందులేని జబ్బును తెచ్చునది ఆ కనబడనిదే. మధ్యప్రదేశపు మందసోరులో బలపములు కోయువారిలో ఈ జబ్బు ప్రబలిన ఉదంతము వైద్యులకు సుపరిచితము. ఆ రాష్ట్రము 1982లో వారికై ప్రత్యేక సంక్షేమనిధి చట్టమునే చేసినది.

ఈ రాయి వెంట నడచినచో మన చట్టముల తీరు బోధపడును. 2025 వరకు, గనిలో నున్నంతవరకు దానిని త్రవ్వువాడు 1952 నాటి గనుల చట్టము క్రిందివాడుగా నుండెను. అయితే త్రవ్వకపు లోతు 6 మీటర్లు మించనిచో, పనివారు 50 మందిని దాటనిచో, మందుపేల్పు లేనిచో, ఆ చట్టమునందలి నియమములలో పెక్కింటినుండి మినహాయింపు ఉండెను; ఆ మినహాయింపు పట్టికలో పలకరాయి పేరు ప్రత్యేకముగా పేర్కొనబడినది. కోతషెడ్డునకు చేరినపుడు అదే మనిషి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునకు లోబడుచుండెను. సిలికోసిస్‌ను ప్రభుత్వమునకు తెలుపవలసిన జబ్బులలో ఆ చట్టము చేర్చినది. కాని విద్యుత్తు వాడుచోట పదిమంది, లేనిచోట ఇరువదిమంది ఉండిననే అది ఫ్యాక్టరీ యగుచుండెను. బండ ఇంటిమీదికెక్కినప్పుడు దానిని పరచు బేల్దారి మేస్త్రి మూడవ చట్టమునకు చెందుచుండెను. ధూళి ఒక్కటే, ఊపిరి ఒక్కటే. చట్టము మాత్రము ధూళిని కొలువక తలలను లెక్కించుచు వచ్చినది. మన శ్రామికశాసనముల లోపములలో నాకు మిక్కిలి పెద్దదిగా తోచునది ఇదియే.

కట్టుబడి కూలీలకై చేసిన ఆ మూడవ చట్టము 1996లో వచ్చినది. పరంజాకు, సెంట్రింగుకు, త్రవ్వకమునకు, సొరంగమునకు నియమములు, కట్టుబడి వ్యయముపై నూటికి ఒక రూపాయి సుంకము, దానితో సంక్షేమమండలి అనునవి దానికిని, దాని తోడి సుంకపు చట్టమునకును అంగములుగా నుండెను. గడచిన పండ్రెండు మాసములలో 90 దినములు కట్టుబడిలో పనిచేసిన, 18 నుండి 60 ఏండ్ల వయసువారు సభ్యులు కావచ్చును. వానలు తప్పిన యేట కంభము, గిద్దలూరు, యర్రగొండపాలెముల వారు పిల్లాజెల్లాతో హైదరాబాదునకో బెంగుళూరునకో పోయి, ఒక మేస్త్రి క్రింద ఇరువది దినములు, మరియొకని క్రింద ముప్పది దినములు చేయుదురు. ఆ తొంబది దినములకు ఎవరు వ్రాసియిత్తురు?

అదే 1996లో వెలిగొండ పథకమునకు శంకుస్థాపన జరిగినది. శ్రీశైలపు వెనుకజలములలోని కొల్లంవాగునుండి నల్లమల క్రిందుగా, ఒక్కొక్కటి దాదాపు 18.8 కిలోమీటర్ల పొడవున, ఒకటి 7 మీటర్లు, మరొకటి 9.2 మీటర్లు వ్యాసముగల రెండు సొరంగములు యంత్రములతో తొలచబడినవి. మొదటిది 2021లో, రెండవది 2024లో అవతలి వెలుగును చూచినవి. ఇట్టి పనిలో గాలిగొట్టము, దీపము, వెనుకకు మరలు దారి, ఈ మూడే ప్రాణము. కృష్ణకు ఆవలి దరిని, అదే జలాశయమునుండి తొలచుచున్న శ్రీశైలము ఎడమకాలువ సొరంగములో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి, ఎనిమిదిమంది చిక్కుకొని మరణించిరి. వారిలో ఇద్దరి దేహములు మాత్రమే ఆ తరువాతి వారములలో వెలికి వచ్చినవి. వారు పంజాబు, జార్ఖండు, ఉత్తరప్రదేశ్, కాశ్మీరముల నుండి వచ్చినవారు. మనవారు పొరుగుసీమలలో పరంజా లెక్కుచుండగా మన కొండలను పొరుగువారు తొలచుచున్నారు.

2020లో చేసి, 2025 నవంబరు 21న అమలునకు తెచ్చిన వృత్తిభద్రతా స్మృతి ఈ మూడు చట్టములను ఒక్కచోట కూర్చినది. పదిమందికి తక్కువ కాని సంస్థలు దాని పరిధిలోనివే. కాని విద్యుత్తు వాడుచోట ఇరువదిమంది, లేనిచోట నలువదిమంది ఉండిననే ఇక ఫ్యాక్టరీ యగును. కనుక పదునైదుమందితో నడచు కోతషెడ్డు ఫ్యాక్టరీల వరుసనుండి తొలగినది. సొంతయింటి కట్టుబడికి 1996 నాటి చట్టము 10 లక్షల రూపాయల వరకు మినహాయింపు నీయగా, క్రొత్త స్మృతి దానిని 50 లక్షలకు పెంచినది. మార్కాపురపు వీధులలో సొంతమునకు కట్టుకొను ఇండ్లలో ఆ మొత్తమును దాటునవి ఎన్ని యుండును? గోడవారగా పరంజాపై నిలిచి, మూడవ అంతస్తునకు సిమెంటు తట్టలందించు కూలీలలో అధికభాగము పనిచేయునది ఆ గీతకు దిగువనే.