తెల్లపిల్ల ఎవరి పోలిక?

మొన్నామధ్య మా బంధువులింట్లో బారసాలకు వెళ్ళాను. ఉయ్యాల చుట్టూ చేరిన ఆడవాళ్ళంతా పాట సంగతి మరిచిపోయి పిల్ల రంగు మీద పడ్డారు. తల్లి పచ్చగా ఉంటుంది, తండ్రీ ఎరుపే. పిల్ల మాత్రం నలుపు. “మా వంశంలో ఈ రంగు లేదమ్మా!” అంది నాయనమ్మ, ఎవర్నీ అననట్టే అంటూ, అందరికీ వినిపించేట్టు. తప్పేదో తనే చేసినట్టు బాలింత తల వంచుకుంది. తండ్రిగారు ముందుగదిలో హాయిగా తాంబూలం నములుతున్నారు. పిల్లకి పోలిక రాకపోతే సంజాయిషీ తల్లే ఇచ్చుకోవాలి కాబోలు!

ఆ క్షణంలో నాకు ఇంగ్లండు హంసల కథ గుర్తొచ్చింది. నవ్వకండి, సంబంధం ఉంది.

హంస అంటే మనకి పాలనీ నీళ్ళనీ వేరుచేసే పక్షి. పటంలో సరస్వతీదేవి పక్కన చూడ్డమే గాని, మన ఊరి చెరువులో ఈదగా చూసింది లేదు. ఇంగ్లండులో, డెన్మార్కులో, బాల్టిక్ సముద్రం చుట్టుపక్కల మాత్రం అది అందరికీ తెలిసిన పక్షే. అక్కడ ఎక్కువగా కనిపించే దాన్ని ‘మూగ హంస’ అంటారు. పేరుకే మూగ! గూటి దగ్గరికి వెళ్తే పాములా బుసకొడుతూ మీదికొస్తుంది. నారింజరంగు ముక్కు, దాని మొదట్లో నల్లటి బుడిపె, నల్లటి కాళ్ళు, మల్లెపూవులాంటి ఒళ్ళు. ఇంత తెల్లని తల్లికి పుట్టే పిల్లలు మాత్రం బూడిదరంగువి. అవి పూర్తిగా తెల్లబడాలంటే ఏడాది దాటాలి.

డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1843లో ఆ బూడిదరంగు పిల్లనే బాతుల మధ్య పెట్టి కథ అల్లాడు. అన్నం ముద్దలు పెడుతూ మన పిల్లలకి మనం చెప్పే అందవికారపు బాతుపిల్ల కథ అదే. చెప్పులు కుట్టే తండ్రికీ, బట్టలుతికే తల్లికీ పుట్టిన ఆండర్సన్‌కి, నలుగురిలో వేరుగా కనబడ్డం అంటే ఏమిటో ఒకరు చెప్పాలా?

అయితే ఆ కథకి అయిదేళ్ళ ముందే, దాన్ని తిరగేసినట్టుండే సంగతొకటి లండన్‌లో నిజంగా జరిగింది. ఇక్కడ హంసపిల్ల పుట్టింది హంసల ఇంట్లోనే. కాని పుట్టుకతోనే తెల్లగా ఉన్నందుకు పరాయిదైపోయింది!

ఆ రోజుల్లో లండన్‌లో కోళ్ళూ బాతులూ అమ్మే వర్తకులు బాల్టిక్ ప్రాంతం నుంచి హంసల్ని తెప్పించేవారు. వాటిని వాళ్ళు ‘పోలిష్ హంసలు’ అనేవారు. చూడ్డానికి మూగ హంసల్లాగే ఉంటాయి గాని, కాళ్ళు మాత్రం నలుపు కాదు. బూడిదరంగో, గులాబీఛాయో ఉంటాయి. వీటి పిల్లలు గుడ్డులోంచి వస్తూనే తెల్లగా వస్తాయి.

ఇది విలియం యారెల్ కంటబడింది. ఆయన వార్తాపత్రికల వ్యాపారి. తీరిక వేళల్లో పక్షుల్నీ చేపల్నీ పరిశీలించి పెద్ద పెద్ద గ్రంథాలు రాసినవాడు. 1830లో, అందరూ ఒకటే అనుకున్న హంసల్లోంచి చిన్నరకాన్ని విడిగా పోల్చి, దానికి చిత్రకారుడు థామస్ బ్యూయిక్ పేరు పెట్టాడు. ఆ పేరు నేటికీ నిలిచింది. అంతటి నేర్పరి, 1838లో ఈ తెల్లపిల్లల్ని చూసి, “ఇది వేరే జాతి” అని తీర్పు చెప్పి, సిగ్నస్ ఇమ్యూటబిలిస్ అని లాటిన్ పేరు పెట్టేశాడు. అంటే ‘మారని హంస’. పుట్టినప్పుడూ తెలుపే, పెరిగాకా తెలుపే కదా మరి!

కాని గూళ్ళు వేరే సాక్ష్యం చెప్పాయి. ఒకే తల్లి వెనకాల, ఒకే ఈతలో పుట్టిన బూడిదపిల్లలూ తెల్లపిల్లలూ కలిసి ఈదుతూ కనిపించాయి. తోబుట్టువులకి జాతులు వేరెలా అవుతాయి? యారెల్ పెట్టిన జాతి నిలవలేదు. అదీ మూగ హంసే, రంగు ఒక్కటే వేరు.

మరి ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? దాని లెక్కని మన్రో, స్మిత్, కూపా అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు 1968లో తేల్చారు. ఇక్కడ కాస్త నిదానంగా వినండి. మనుషుల్లోలాగే పక్షుల్లోనూ ఆడా మగా అన్నది నిర్ణయించే క్రోమోజోములున్నాయి. వాటిలో ‘జడ్’ అనేది మగపక్షికి రెండుంటాయి. ఆడపక్షికి ఒక్కటే, అదీ తండ్రి ఇచ్చినదే. తెలుపు తెచ్చే జన్యువు ఆ జడ్ మీదే ఉంది. మగపక్షికి అది ఒకటి వచ్చినా, రెండో జడ్ దాన్ని కప్పిపెట్టేస్తుంది. ఆడపిల్లకి కప్పిపెట్టడానికి రెండోది లేదు. ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది.

కాబట్టి తల్లి మామూలు హంసే అయి, తండ్రిలో ఆ జన్యువు ఒకటి దాగి ఉందనుకోండి, కొడుకులంతా బూడిదరంగులోనే పుడతారు. కూతుళ్ళలో మాత్రం ఇంచుమించు సగంమంది తెల్లగా పుడతారు. ఆ తండ్రి కాళ్ళు నల్లగానే ఉంటాయి, ఏ అనుమానమూ రాదు. గూట్లో వింతగా కనబడే పిల్ల సాధారణంగా ఆడపిల్లే, ఆ వింత తెచ్చింది తండ్రే!

ఆ తెలుపు కూడా ఊరికే రాలేదు పాపం. బూడిదరంగు ఉన్నంతకాలం పసిదని కనిపెట్టుకుని ఉండే తల్లిదండ్రులు, తెల్లపిల్లని పెద్దదాని కింద జమకట్టి, ముందుగానే ముక్కుతో పొడిచి తమ నీళ్ళలోంచి తరిమేస్తాయట. ఆండర్సన్ కథలో తెల్లబడ్డాక కష్టాలు తీరాయి. ఈ పిల్లకి కష్టం తెలుపుతోనే మొదలు.

బారసాలనాడు ఇదంతా ఉయ్యాల పక్కన కూర్చుని చెప్పాను. మనుషుల రంగుకి ఇంత తేలిక లెక్క లేదనీ, అది తల్లీ తండ్రీ ఇద్దరివైపు నుంచీ, ఎన్నో జన్యువులు కలిసి వచ్చేదనీ కూడా చెప్పాను. నాయనమ్మగారు కాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లిగా, “మా అత్తగారు నలుపే. వీడు పుట్టకముందే పోయింది” అంది.

బాలింత తలెత్తింది. ఎవరో పాట అందుకున్నారు.