ఫుట్‌బాల్‌లో బదిలీలు, శిక్షకుల మార్పులు: వదంతి ఏది, వార్త ఏది?

ఫుట్‌బాల్ అభిమానులు పోటీలు జరిగే నెలలలో ఆటను గురించి మాట్లాడుకుంటారు. పోటీలు లేని నెలలలో అంతకంటె ఎక్కువగా మాట్లాడుకుంటారు. ఏ ఆటగాడు ఏ క్లబ్బుకు పోనున్నాడు, ఏ శిక్షకుని కొలువు ఊడనున్నది, ఏ యజమాని చేతులెత్తనున్నాడు అనేవే అప్పటి ముచ్చట్లు. మన పావగడ తాలూకాలో క్రికెట్టుదే రాజ్యమన్న మాట నిజమే. అయినా సెల్‌ఫోను చేతికి వచ్చిన తరువాత రాయచెర్లు వంటి గ్రామాలలో సైతం బార్సిలోనా, మాంచెస్టర్, బెంగళూరు ఎఫ్‌సీ పేర్లు కుర్రకారు నోట వినబడుతున్నవి. ఇంట తెలుగు, బడిలో కన్నడం, ఫుట్‌బాల్ వార్తలు మాత్రం ఇంగ్లీషులో. ఇదీ మన పిల్లల స్థితి. కనుక ఈ వ్యవహారంలో వాడే మాటల అర్థాన్నీ, దాని వెనుకనున్న నియమాలనూ తెలుగులో ఒకచోట చేర్చుట అవసరమనిపించింది. తెలుగుగడ్డ మీద పుట్టి, దేశ విజేతగా నిలిచి, చివరకు చేజారిపోయిన ఒక క్లబ్బు కథ కూడా ఇందులో భాగమే.

బదిలీ అనగా ఏమి?

బదిలీ అనే మాట వినగానే ఉపాధ్యాయులమైన మాకు కౌన్సెలింగు జాబితాలు గుర్తుకు వస్తాయి. ఫుట్‌బాల్ బదిలీ అటువంటిది కాదు. ఆటగానికీ క్లబ్బుకూ మధ్య ఇన్ని సంవత్సరాలని ఒక ఒప్పందం ఉంటుంది. ఆ గడువు తీరకముందే అతడు మరొక క్లబ్బుకు పోదలచితే మూడు పక్షాలూ సమ్మతించాలి: విడిచిపెట్టే క్లబ్బు, తీసుకునే క్లబ్బు, ఆటగాడు. మొదటి క్లబ్బుకు రెండవ క్లబ్బు చెల్లించే పరిహారమే పత్రికలలో కనిపించే బదిలీ రుసుము. అది ఆటగాని జీతం కాదు. ఈ రెంటినీ కలిపి లెక్కించుట మన అభిమానులలో తరచుగా కనిపించే పొరపాటు.

ఒప్పందం పూర్తి అయితే రుసుము ఉండదు. ఈ సూత్రం ఐరోపాలో స్థిరపడినది 1995 డిసెంబరు 15న, బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ వేసిన వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో. ఒప్పందంలో చివరి ఆరు నెలలు మాత్రమే మిగిలిన ఆటగాడు మరొక క్లబ్బుతో ముందుగానే సంతకం చేసుకోవచ్చు. అందుకే జనవరి వచ్చేసరికి వదంతులు ముసురుకుంటాయి. అరువు బదిలీ మరొకటి. ఆటగాడు కొంతకాలం వేరొక జట్టుకు ఆడి, గడువు తీరగానే సొంత గూటికి తిరిగివస్తాడు. కొన్ని ఒప్పందాలలో 'ఇంత మొత్తం చెల్లిస్తే విడిచిపెట్టవలసిందే' అనే షరతు ముందే ఉంటుంది. 2017లో నెయ్‌మార్‌ను పారిస్ క్లబ్బు 22 కోట్ల 20 లక్షల యూరోలకు తీసుకున్నది ఆ షరతును ఉపయోగించుకొనే. బార్సిలోనాకు కాదనే అవకాశమే లేకపోయింది.

ఈ నమోదులన్నీ ఏడాదికి రెండు పర్యాయాలు మాత్రమే జరుగుతాయి. ఆ రెండు గడువులూ కలిపి 16 వారాలకు మించరాదని ప్రపంచ సమాఖ్య ఫిఫా నియమం. దేశాల మధ్య బదిలీలన్నీ 2010 నుండి కంప్యూటరు వ్యవస్థ ద్వారానే సాగుతున్నవి. ఇరు క్లబ్బులు ఎక్కించిన వివరాలు సరిపోలనిదే పని ముందుకు సాగదు. 2015 ఆగస్టు 31న మాంచెస్టర్ యునైటెడ్ గోల్‌కీపర్ డేవిడ్ డి గేయా, రియల్ మాడ్రిడ్‌కు దాదాపు వెళ్ళిపోయినట్లే. కాగితాలు వేళకు చేరలేదు, స్పెయిన్‌లో గడువు ముగిసింది, అతడు ఉన్నచోటనే ఉండిపోయాడు. ఏ కచేరీలోనైనా కాగితం కాగితమే.

హైదరాబాదు నుండి కలకత్తాకు

తెలుగు ప్రాంతానికి ఈ బదిలీల సంగతి కొత్తది కాదు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1950లోనే డ్యూరాండ్ కప్పు కూడా ఆ జట్టునే వరించింది. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల మొదలైన చోట్ల పాఠాలు చెప్పినవాడు. అందువలన 'రహీం సాబ్' పేరు తలచినపుడు మా వృత్తివారికి కొంచెం గర్వం కలుగుట సహజం. ఆయన శిక్షణలో భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. అప్పటికే ఆయన క్యాన్సరుతో బాధపడుతున్నాడు. 1963 జూన్‌లో కన్నుమూశాడు.

పోలీసు జట్టులో ఆటగానికి దక్కేది ఉద్యోగం. అది జీవితాంతపు భరోసా. కలకత్తా క్లబ్బులు ఇచ్చేది డబ్బూ, లక్షల మంది చప్పట్లూ. ఈ రెండింటి మధ్య హైదరాబాదు కుర్రవాళ్ళు ఊగిసలాడారు. చాలామంది తూర్పునకే మొగ్గారు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో బీద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా, పెరూ మీదా గోల్స్ చేశాడు. అనారోగ్యం వలన ఇరవై ఏడేండ్ల ప్రాయంలోనే ఆట మానుకోవలసి వచ్చినా, బెంగాలునే తన ఊరు చేసుకొని 2023 ఫిబ్రవరిలో అక్కడే మరణించాడు. మహమ్మద్ హబీబ్ 1966లో వెళ్ళాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2గా నిలిచినపుడు బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌దే. ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కాలంచేశాడు.

ఆ రోజులలో కలకత్తాలో బదిలీ అంటే ఒక జాతర. ఆటగాళ్ళు స్వయంగా ఫుట్‌బాల్ సంఘం కార్యాలయానికి వచ్చి సంతకం చేయవలసి ఉండేది. ఎదుటి క్లబ్బువారు ఎత్తుకుపోకుండా ఆటగాళ్ళను ఆఖరి రోజు వరకు రహస్య స్థలాలలో దాచేవారు. మన పంచాయతీ ఎన్నికలలో సభ్యులను యాత్రలకు తీసుకొనిపోవుట చూచినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మంచి ఆటగాళ్ళు తరలిపోవుట, రహీం మరణించుట ఒకదాని తరువాత ఒకటిగా జరిగినవి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ స్థాయి విజయం మళ్ళీ రాలేదు. హైదరాబాదు ఫుట్‌బాల్ క్షీణతకు బదిలీలే ఏకైక కారణమనుట సరికాదు. కానీ పోయిన వారి స్థానంలో కొత్తవారిని తయారుచేసే గురువు లేకపోవుట పెద్ద లోటు. ఆటగాళ్ళను అమ్ముకొనే ఊరు బ్రతకగలదు, గురువు లేని ఊరు బ్రతకలేదని నా అభిప్రాయం.

హైదరాబాద్ ఎఫ్‌సీ: ఆరేండ్ల కథ

2019లో మూతబడిన పూణే సిటీ స్థానంలో ఇండియన్ సూపర్ లీగులోకి హైదరాబాద్ ఎఫ్‌సీ ప్రవేశించింది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం దాని సొంత మైదానం. మొదటి ఏడాది 18 ఆటలలో 10 పాయింట్లతో అట్టడుగున నిలిచింది. ఆంగ్ల శిక్షకుడు ఫిల్ బ్రౌన్‌ను 2020 జనవరిలో తొలగించారు. తరువాతి ఏడాదికి ఆల్బర్ట్ రోకా పేరు ప్రకటించారు. అంతా సిద్ధమైన తరుణంలో, 2020 ఆగస్టులో, బార్సిలోనా నుండి ఫిట్‌నెస్ శిక్షకునిగా రమ్మని పిలుపు రాగా రోకా వెళ్ళిపోయాడు. పోటీలకు మిగిలినవి కొద్ది నెలలే. హడావుడిగా వచ్చినవాడు మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశస్థుడు. ఇక్కడ ఆయన పేరు ఎరిగినవారు తక్కువ.

ఆ అనుకోని మార్పే అదృష్టమైనది. మార్కెజ్ పేరున్నవారి వెంట పడకుండా ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి యువకులను నమ్మాడు. 2020-21లో జట్టు అయిదవ స్థానానికి ఎగబాకింది. 2021-22లో నైజీరియాకు చెందిన బార్తొలొమ్యూ ఒగ్బెచే 18 గోల్స్ చేశాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో ఆట 1-1గా ముగిసింది. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా హైదరాబాదు 3-1తో గెలిచింది. విచారమేమంటే కోవిడ్ కారణంగా ఆ రెండేండ్లూ పోటీలన్నీ గోవాలోనే జరిగినవి. సొంత ఊరిలో ఒక్క ఆటయినా ఆడకుండానే హైదరాబాదు విజేతయైనది.

ఆ తరువాత వచ్చినవన్నీ బదిలీ వార్తలే. లిస్టన్ కొలాసో 2021లోనే మోహన్ బగాన్‌కు పోయాడు. 2022లో ఆశిష్ రాయ్ అక్కడికే పోయాడు. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబయి సిటీకి, హలిచరణ్ నర్జారీ బెంగళూరుకు, శిక్షకుడు మార్కెజ్ గోవాకు వెళ్ళారు. 2022-23లో 42 పాయింట్లతో రెండవ స్థానం పొందిన జట్టు 2023-24లో 22 ఆటలకు ఒకే ఒక గెలుపుతో, 8 పాయింట్లతో ఆఖరున పడింది. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోరాదన్న నిషేధం, మధ్యలోనే విదేశీయులు వెళ్ళిపోవుట అన్నీ ఆ ఒక్క ఏడాదిలోనే. తాంగ్బోయ్ సింగ్టో కుర్రవాళ్ళతో ఎలాగో నెట్టుకువచ్చాడు. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకున్నది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకున్నది.

ఆటగాడు పోతే మరొకనిని తెచ్చుకోవచ్చు. క్లబ్బే బదిలీ అయితే అభిమాని ఎక్కడికి పోవాలి? 'దక్కన్ లెజియన్' పేరుతో చేరి, పసుపు చొక్కాలు తొడుక్కొని గచ్చిబౌలికి వచ్చినవారికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారు లేరు. నగరంలో శ్రీనిధి దక్కన్ అనే మరొక క్లబ్బు ఉన్నది. 2022-23, 2023-24లలో ఐ-లీగులో వరుసగా రెండవ స్థానం పొందింది. దానిని ఆదరించుట మేలే గాని, ప్రేమ జాబితా ప్రకారం బదిలీ కాదు.

శిక్షకుడు ఎందుకు మారతాడు?

పదకొండు మందిని తొలగించుట కంటె ఒక్కనిని తొలగించుట యజమానికి చవక. అసలు కారణం అదే. క్లాడియో రనియేరి 2016లో లెస్టర్‌ను ఇంగ్లండు విజేతగా చేశాడు; 2017 ఫిబ్రవరిలో ఉద్యోగం పోయింది. మన బెంగళూరు ఎఫ్‌సీకి 2019 మార్చిలో సూపర్ లీగు గెలిపించిన కార్లెస్ క్వాద్రాత్‌ను 2021 జనవరిలో పంపివేశారు. మరోవైపు అలెక్స్ ఫెర్గూసన్ 1986లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వచ్చి 1990 వరకు ఒక్క కప్పూ గెలవలేదు. అయినా ఓపిక పట్టారు. ఆయన 2013 వరకు ఉన్నాడు. 'పరస్పర అంగీకారంతో విడిపోయాము' అన్న ప్రకటన వెనుక సాధారణంగా మిగిలిన ఒప్పందానికి చెల్లింపుల బేరం ఉంటుంది. 'శిక్షకునిపై పూర్తి విశ్వాసమున్నది' అని యజమాని ప్రత్యేకంగా ప్రకటిస్తే అభిమానులు కంగారు పడుట వింత కాదు.

వదంతిని పరీక్షించుట

చాలా వదంతులను పుట్టించేది ఏజెంట్లు. తమ ఆటగానికి జీతం పెంచుకొనుటకు మరొక క్లబ్బు పేరు ప్రచారంలో పెడతారు. కనుక వార్త చదివినపుడు ముందుగా చూడవలసినది దీనివలన ఎవరికి లాభమని. తరువాత ఒప్పందం ఎంతకాలం మిగిలియున్నదో, నమోదు గడువు తెరిచియున్నదో లేదో, తీసుకునే క్లబ్బుపై నిషేధమున్నదో లేదో చూడాలి. నిషేధంలో ఉన్న క్లబ్బు ఎవరితో మాట్లాడినా నమోదు మాత్రం చేయించుకోలేదు. 'ఆసక్తి చూపుచున్నది' అంటే ఏమీ జరగలేదని. 'వైద్య పరీక్ష ముగిసింది' అంటే దాదాపు ముగిసిందని. ఇటలీ విలేకరి ఫబ్రిజియో రొమానో 'హియర్ వుయ్ గో' అన్న తరువాత నమ్మేవారు అనేకులు. నా మటుకు నేను క్లబ్బు ప్రకటన వరకు ఆగమంటాను.

ఇక మన పిల్లలకు నేరుగా సంబంధించిన నియమమొకటి ఉన్నది. దేశాల మధ్య రుసుముతో బదిలీ జరిగినపుడు, ఆ మొత్తంలో 5 శాతం వరకు ఆటగానికి 12 నుండి 23 ఏండ్ల వయసులో శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నిబంధన. అయితే ఆ ఏండ్లలో బాలుని పేరు ఒక క్లబ్బు ద్వారా సక్రమంగా నమోదై ఉండాలి. మనకు సరిహద్దు దాటితే అనంతపురం. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అక్కడ క్రీడాగ్రామాన్ని నిర్మించి, గ్రామీణ బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నది. స్పెయిన్‌లోని లా లిగా ఫౌండేషన్ దానికి తోడ్పడింది. ఇటువైపు బెంగళూరు ఎఫ్‌సీకి యువజట్లు ఉన్నవి. ఏ వైపు పంపదలచినా తల్లిదండ్రులు మొదట సిద్ధం చేసుకోవలసినవి జనన ధ్రువపత్రము, గుర్తింపు పత్రము. రెండింటిలో పేరూ, పుట్టినతేదీ ఒకే విధంగా ఉన్నవో లేవో సరిచూచుకోవాలి. ఒకచోట కన్నడంలో, మరొకచోట తెలుగులో వ్రాయించుకొనే మన సరిహద్దు గ్రామాలలో తరచుగా తేడా వచ్చేది అక్కడే.