మిరాశి నుండి లైసెన్సు వరకు: ఉత్తర తెలంగాణ జానపద ధ్వనుల వినియోగంలో మూల ప్రకటన

జానపద సంగీతానికి యజమాని లేడనే అభిప్రాయం బహుళ ప్రచారంలో ఉంది. పాట కట్టినవారి పేరు తెలియదు గనుక దానిని ఎవరైనా, ఏ విధంగానైనా వాడుకోవచ్చుననే భావన దీని ఫలితం. కంప్యూటరు మీద బీటు కూర్చి గాయకులకు, చిత్ర నిర్మాతలకు లైసెన్సుపై ఇచ్చే పద్ధతి విస్తరించిన తరువాత ఈ భావనకు ఆర్థిక ప్రాధాన్యం కూడా ఏర్పడింది. పాత రికార్డు నుండి కొన్ని క్షణాల డప్పు దరువునో, కిక్రి నాదాన్నో కత్తిరించి కొత్త బీటులో చేర్చితే దానిని శాంపిల్ అంటారు. బీటులో శాంపిల్ ఉన్నదని ముందుగా వెల్లడించడం, హక్కుదారుల నుండి అనుమతి పొందడం ఈ రంగంలో మూల నియమాలు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రదర్శన సంప్రదాయాలను పరిశీలిస్తే, ఈ నియమాల వెనుక ఉన్న ఆలోచన ఆ ప్రాంతానికి కొత్తది కాదని తెలుస్తుంది.

మిరాశి: మౌఖిక సమాజపు హక్కు

తెలంగాణలో అనేక కులాలకు తమ కుల పురాణాన్ని గానం చేసే ఆశ్రిత కులాలు ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు చిందువారు, డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు ఇందుకు ఉదాహరణలు. ఈ కళాకారుల కుటుంబాలు గ్రామాలను మిరాశిగా పంచుకున్నాయి. ఒక కుటుంబపు మిరాశి గ్రామంలో మరొక మేళం ప్రదర్శన ఇవ్వడం అపరాధంగా పరిగణింపబడేది. కథ అందరికీ తెలిసినదే కావచ్చు. దానిని ఆ ఊరిలో పాడి ప్రతిఫలం పొందే హక్కు మాత్రం అందరిదీ కాదు.

ఆదిలాబాద్ గోండులలో ఈ సంబంధం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పర్ధానులు గోండులకు వంశపారంపర్య గాయకులు. తోటీలు కూడా ఇదే వృత్తిని నిర్వహించారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల విభాగాలుగా ఉన్న గోండు సమాజంలో, ప్రతి పర్ధాను కుటుంబం తనకు సంబంధించిన వంశం కొరకే కిక్రి వాయించి పురాణకథను గానం చేస్తుంది. ప్రతిగా ధాన్యం, పశువులు, వస్త్రాలు స్వీకరిస్తుంది. 1940వ దశకంలో మార్లవాయిలో నివసించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1948లో వెలువరించిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' గ్రంథానికి ఈ గానమే ప్రధాన ఆధారం. ఎవరు, ఎవరి కొరకు, ఏ సందర్భంలో, ఏ ప్రతిఫలానికి పాడాలో నిర్ణయించిన వ్యవస్థ ఇది. దీనిని యజమాని లేని సంపదగా భావించడం చారిత్రకంగా సరికాదు.

శబ్దగ్రహణం, చట్టం

రికార్డు వచ్చిన తరువాత ధ్వని తన ఊరి నుండి వేరుపడింది. మిరాశి కట్టుబాటు గ్రామంలోనే చెల్లుతుంది గాని క్యాసెట్టుకు వర్తించదు. ఆ ఖాళీని పూరించవలసిన చట్టం మొదట శబ్దగ్రహణం చేసినవారినే గుర్తించింది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1984లో చేర్చిన 52ఎ సెక్షను ప్రకారం ప్రతి రికార్డుపై మూడు వివరాలు ఉండాలి: రికార్డు తయారుచేసినవారి పేరు, చిరునామా, కృతిపై హక్కు గలవారి పేరు, చిరునామా, తొలి ప్రచురణ సంవత్సరం. పాడినవారి పేరు, వాయించినవారి పేరు ఈ జాబితాలో లేవు.

ప్రదర్శకులకు ప్రత్యేక హక్కు 1994 సవరణతో లభించింది. దాని కాలపరిమితిని 1999 సవరణ 25 సంవత్సరాల నుండి 50 సంవత్సరాలకు పెంచింది. తన ప్రదర్శనకు తన పేరు చెప్పాలని కోరే నైతిక హక్కు 2012 సవరణలోని 38బి సెక్షను ద్వారా వచ్చింది. అంటే చట్టం నిర్మాతను ముందు, గాయకుణ్ణి చాలా కాలం తరువాత గుర్తించింది.

ఈ క్రమాన్ని బట్టి ఒక జానపద శాంపిల్‌లో మూడు పొరలను వేరుచేయవచ్చు. మొదటిది బాణీ, అది పరంపరాగతమైతే దానిపై కాపీరైటు ఉండదు. రెండవది ప్రదర్శన, అది ఆ గొంతుకు, ఆ చేతికి చెందినది. మూడవది రికార్డు, దానిపై నిర్మాత హక్కు ప్రచురణానంతరం 60 సంవత్సరాలు ఉంటుంది. మొదటి పొర స్వేచ్ఛగా ఉన్నది గనుక మిగిలిన రెండూ స్వేచ్ఛగా ఉన్నవని భావించడమే పొరపాటు. ఒగ్గు డోలు దరువును మరొక కళాకారుని చేత కొత్తగా వాయించుకోవడం వేరు; ఓదెల మల్లన్న జాతరలో ఒకరు రికార్డు చేసి విడుదల చేసిన దరువును కత్తిరించడం వేరు.

రెండు వివాదాలు

2002లో అమెరికాలో విడుదలైన 'అడిక్టివ్' అనే పాటలో 1981 నాటి హిందీ చిత్రం 'జ్యోతి'లో లతా మంగేష్కర్ పాడిన పాట భాగాన్ని అనుమతి లేకుండా వాడారు. సరిగమ సంస్థ దావా వేసింది. స్వరకర్త బప్పీ లాహిరి పేరు చేర్చేవరకు ఆ రికార్డు అమ్మకాలను నిలిపివేయాలని 2003లో లాస్ ఏంజెలెస్ న్యాయస్థానం ఆదేశించింది. ఇక్కడ హక్కుదారు ఒక పెద్ద సంస్థ. ఆధారపత్రాలు దాని చేతిలో ఉన్నాయి.

2021లో తెలుగు చిత్రం 'లవ్ స్టోరీ'లోని 'సారంగ దరియా' పాట విషయంలో పరిస్థితి భిన్నమైనది. జానపద గీతం ఆధారంగా సుద్దాల అశోక్ తేజ రచించిన ఈ పాటను మంగ్లీ పాడారు. అంతకుముందే ఆ గీతాన్ని టెలివిజన్ వేదికపై పాడిన కోమలి తనకు గుర్తింపు దక్కలేదని అభ్యంతరం తెలిపారు. ఆమెకు గుర్తింపు, పారితోషికం ఇవ్వడానికి దర్శకుడు శేఖర్ కమ్ముల అంగీకరించారు. ఇది శాంపిల్ కాదు. పాత రికార్డు నుండి ఏదీ తీసుకోలేదు. అయినా పాటను మోసుకొచ్చిన వ్యక్తికి మర్యాద చెల్లాలనే భావన చట్టం కంటే ముందుగా పనిచేసింది. మిరాశి సంస్కారం పూర్తిగా అంతరించలేదనడానికి ఇది నిదర్శనం.

ముగింపు

బీటు లైసెన్సులో లోపం చేతులు మారుతుంది. కూర్పరి శాంపిల్‌ను దాచితే, కొన్న గాయకుడు తెలియకనే ఉల్లంఘనకు పాల్పడతాడు. తెలియదన్న కారణంతో అతడు నిషేధాజ్ఞ నుండి తప్పించుకోలేడు. కాబట్టి ప్రకటన వ్యాపార అవసరం కూడా. చట్టం ప్రకారం లైసెన్సు లిఖితపూర్వకంగా ఉండాలి. ఉత్తర తెలంగాణ ధ్వనుల విషయంలో ఆ పత్రంలో 52ఎ సెక్షను కోరే మూడు వివరాలతో పాటు మరి మూడు చేర్చడం సముచితం: ప్రదర్శకుని పేరు, ఊరు, ఆ గానం ఏ సమూహపు పరంపరకు చెందినదన్న సమాచారం. 2021లో మార్లవాయికి చెందిన గుస్సాడి కళాకారుడు కనకరాజుకు పద్మశ్రీ లభించినప్పుడు ఆ పేరుతో పాటు ఆ ఊరు, ఆ నృత్యం కూడా దేశానికి తెలిశాయి. 2024లో ఆయన మరణించినా ఆ గుర్తింపు నిలిచి ఉన్నది. పేరు లేకుండా బీటులో కలిసిపోయే కిక్రికి అటువంటి అవకాశం లేదు. వాయించేవారు తగ్గిపోతున్న కాలంలో, ఆ వాద్యం ఎవరిదో చెప్పే చివరి ఆధారం లైసెన్సు పత్రంలోని ఒక పంక్తి కావచ్చు.