వకీలు లేని విచారణ

వెంకటగిరికోటలో మా బడి పిల్లవాడి తండ్రి ఒక సాయంత్రం కోర్టు తీర్పు నకలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అయివోరా, నేను గెలిచినానా, వోడిపోయినానా, అదొక్కటి చెప్పండి" అన్నాడు. అంతా ఇంగ్లీషు. నేను తెలుగు ఎం.ఏ. వాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకొని చదివితే చివరికి తేలింది ఇది: అప్పీలు గడువు దాటి దాఖలైంది గనుక కొట్టివేయడమైనది. భూమి ఎవరిదన్న మాట ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

ఆ రాత్రి నాకు తెలంగాణా పన్నెండుమంది గుర్తుకొచ్చారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత హైదరాబాదు సైనిక గవర్నరు పాలనలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు వెలిశాయి. సాయుధ పోరాటంలో పాల్గొన్న రైతులను హత్యానేరాల కింద వాటి ముందు నిలబెట్టారు. 1949 ఆగస్టులో పన్నెండుమందికి ఉరిశిక్ష పడింది. వారిలో నల్లా నరసింహులు ఉన్నాడు, ఎర్రబోతు రాంరెడ్డి అనే కుర్రవాడు ఉన్నాడు. డిసెంబరు 12, 13, 14 తేదీల్లో హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేసింది.

రాజ్యాంగం అమలులోకి వచ్చింది 1950 జనవరి 26న. మధ్య 43 రోజులు.

బ్రిటిష్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వీరి పక్షాన సుప్రీంకోర్టులో వాదించాడు. హోచిమిన్ పక్షాన ప్రీవీ కౌన్సిలులో పనిచేసినవాడే ఈయన. కొత్త రాజ్యాంగం 136వ అధికరణం కింద ప్రత్యేక అనుమతి ఇవ్వమని కోరారు. ఆ అధికరణం వెనకటి తీర్పులకు వర్తించదని కోర్టు తేల్చింది. ఆ తీర్పులు వెలువడిన నాడు హైదరాబాదు కోర్టుల మీద ఈ కోర్టుకు అధికారం లేదట! గడియారం చూసి మనిషి మెడకు విలువ కట్టడం అంటే ఇదే.

జనార్దనరెడ్డి కేసుగా న్యాయగ్రంథాలకెక్కిన ఈ వ్యవహారంలో 1951లో మరో వాదం నడిచింది. ఉరిశిక్ష పడే కేసులో ముద్దాయిలకు వకీలు లేడు, కనుక విచారణే చెల్లదన్నారు. ఇక్కడ అమెరికా తీర్పు ఒకటి ప్రస్తావనకు వచ్చింది. 1931లో అలబామా రాష్ట్రం స్కాట్స్‌బరోలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రవాళ్లపై అబద్ధపు అత్యాచార నేరం మోపి, ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. సరైన వకీలు సాయం అందలేదన్న కారణంతోనే 1932లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. ఆ కుర్రవాళ్ల కోసం లాంగ్‌స్టన్ హ్యూస్ నాటిక రాశాడు. ప్రపంచ అభ్యుదయ రచయితలు ఆ పిల్లల్ని తమ పిల్లలనుకున్నారు.

మన కోర్టు ఒప్పుకోలేదు. వకీలును ఏర్పాటు చేయడానికి ట్రిబ్యునల్ పూనుకొని ఉండవలసిందని అంటూనే, అంతమాత్రాన విచారణ చెల్లకుండా పోదంది. తప్పు జరిగిందని చెప్పి, ఆ తప్పు ఫలితాన్ని అలాగే ఉంచడం! ఈ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదివినా మింగుడు పడదు.

చట్టం తెలిసిన మిత్రులు నాతో వాదిస్తారు: న్యాయమూర్తులు ఉన్న చట్టాన్నే చదివారు, ఇంకేం చేస్తారని. కావచ్చు. కాని ట్రిబ్యునల్‌ను పెట్టినవాడే చట్టమూ రాశాడు. భూమి దున్నినవాడికి ఆ రెండింటిలో ఏదీ చేతిలో లేదు. పేదవాడికి న్యాయసహాయం అందాలన్న 39ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది 1976 నాటి 42వ సవరణతో. అదీ ఆదేశిక సూత్రంగానే.

మన సంగతి కూడా చెప్పుకోవాలి. తెలంగాణా పోరాటం మీద నవలలు రాశాం, పాటలు కట్టాం. తుపాకీ పట్టినవాడిని వర్ణించడంలో మనకు అలుపు లేదు. బోనులో నిలబడి, తన ప్రాణం గురించి ఎవరో చదువుతున్నది అర్థంకాక, పక్కవాడి ముఖం చూసిన మనిషి మన సాహిత్యంలో చాలా అరుదు. పరిశోధన చేసే విద్యార్థులు దళాల పాటలు సేకరిస్తున్నారు, మంచిదే. ట్రిబ్యునల్ కాగితాలను కూడా సాహిత్య ఆధారాలుగా చదవమని వారిని అడుగుతున్నాను.

దేశంలోనూ బయటా లేచిన ఆందోళన వల్ల చివరికి ఆ ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. ప్రాణాలు దక్కాయి. విచారణ మాత్రం మళ్లీ జరగలేదు.